గంగమణి తల ఊపింది

"అవ్వా, ఒక్క ముద్ద తిను" అంది కళ్యాణి తల్లితో, నాలుగోసారి.

గంగమణి గోడవైపు తిరిగి కూర్చుంది. శనివారం సాయంత్రం నుంచి ఆమె అలాగే ఉంది. ఇవాళ సోమవారం. పక్కన పెట్టిన చాటలో బీడీ ఆకు ఎండి ముడుచుకుపోయింది. నలభై ఏళ్లలో ఆ ఇంట్లో చాట ముట్టని సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రెండు కాన్పులు, ఒక సమ్మె, భర్త చావు, ఇదిగో ఇప్పుడు కూతురు రాసిన పుస్తకం.

"తినదు. నేను రెండు దినాలసంది బతిలాడుతున్న." గడపలో నిలబడి ఉన్న తమ్ముడు మహేందర్ అన్నాడు. ఎల్లారెడ్డి బస్టాండు దగ్గరున్న సెల్‌ఫోన్ల దుకాణం మధ్యాహ్నమే మూసి వచ్చాడు. "ఇప్పుడొచ్చినవా అక్కా? కామారెడ్డి గంత దూరమైందా?"

"నువ్వు నిన్న పొద్దుమూకినంక ఫోన్ జేసినవ్. పొద్దుగాల మొదటి బస్సెక్కిన."

"నేను ఫోన్ జేస్తెనే తెలుస్తదా? రాసింది నువ్వే కద."

కళ్యాణి కంచం కింద పెట్టింది. నిజమే, రాసింది తనే.

కామారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో ఆమె తెలుగు చెబుతుంది. మిగిలిన వేళల్లో తొమ్మిదో, పదో తరగతి పిల్లల కోసం నిజమైన మనుషుల జీవితకథలు రాస్తుంది. ఒక లైన్‌మన్ మీద ఒకటి, ఒక ప్రసూతి నర్సు మీద ఒకటి, బావులు తవ్వే మేస్త్రీ మీద ఒకటి వచ్చాయి. ప్రతి పుస్తకం మొదటి పేజీలోనూ "ఇందులో ఒక్క మాటా కల్పన కాదు" అని ఉంటుంది. ఆ వాక్యమంటే ఆమెకు కాస్త గర్వం, ఉండకూడదని కాదు. నాలుగో పుస్తకం సొంత తల్లి మీద రాసింది. అట్ట మీద చాట ఒళ్లో పెట్టుకున్న గంగమణి ఫోటో ఉంది.

శనివారం తల్లికి చదివి వినిపించిన ఆ పుస్తకాన్ని మహేందర్ ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. మడత పెట్టిన చోట తెరిచాడు.

"ఏడో అధ్యాయం. మొదటి పేజీ నిండ సమ్మె ముచ్చట. మంచిగనే ఉన్నది. పేజీ తిప్పంగనే ఏమున్నదో సదవాల్నా?"

"వద్దు మహేందర్."

"ఎందుకు వద్దు? ఊరంత సదువుతరు, మనం సదివితె తప్పా?" అని గొంతు పెంచి చదివాడు. "'ఆ తెల్లవారుజామున గంగమణి ఆకుపొట్టును కొంగులో మూటగట్టుకుని గోడ దాటింది. తన పెంట మీద వేయలేదు. కృపారాణి పెంట మీద వేసింది.' మస్తు రాసినవక్కా. పక్కన బొమ్మ గూడ ఏయించినవ్."

గంగమణి కొంగు ముఖం మీదికి లాక్కుంది.

ఇరవై ఎనిమిదేళ్ల కిందటి మాట అది. కార్ఖానా ఇచ్చే ఆకు పాడుగా ఉంటోందని, ఆ ఆకుతో చుట్టిన బీడీలను మళ్లీ కార్ఖానావాళ్లే బాగాలేవని తిప్పి పంపుతున్నారని ఆ వాడ ఆడవాళ్లంతా ఆకు ముట్టబోమని ఒట్టు పెట్టుకున్నారు. పద్నాలుగు రోజులు ఒక్కరూ తప్పలేదు. అప్పుడు కళ్యాణికి ఆరేళ్లు, జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది. తండ్రి కూలికి బొంబాయి పోయి ఉన్నాడు. పదిహేనో రోజున గంగమణి కార్ఖానా వెనక తలుపు తట్టింది. ఆకు తెచ్చి, ఇంటి తలుపులు మూసి చుట్టింది. కూతుర్ని కామారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోయింది.

ఎవరింట్లో బీడీలు చుడుతున్నారో కనిపెట్టడానికి ఆ వాడలో ఎవరూ తొంగి చూడనక్కర్లేదు. ఆకు కత్తిరిస్తే అంచుల పొట్టు మిగులుతుంది. తాజా పొట్టు ఎవరింటి పెంటకుప్ప మీద పడితే వాళ్లింట్లో కత్తెర ఆడినట్టే. మర్నాడు ఆ పొట్టు కృపారాణి పెంట మీద కనబడింది.

తను ఆకు ముట్టలేదని కృపారాణి బైబిలు మీద చేయి పెట్టి చెప్పింది. ఎవరూ నమ్మలేదు. ఆమెకు ఆకుదొంగ అని పేరు పడింది. ఆమె పక్కన చాట పెట్టుకుని కూర్చున్న మనిషి ఆ తర్వాత లేదు. అంతకుముందు ఒకే దీపం కింద, ఒకే దారపు ఉండతో బీడీలు చుట్టిన గంగమణి కూడా కూర్చోలేదు.

"అవ్వను అడిగే పెట్టిన" అంది కళ్యాణి.

"ఏమని అడిగినవ్?"

"రాసుడు అయినంక మొత్తం సదివి ఇనిపించిన. ఈడనే, ఈ వసారల్నే. రోజుకు రెండు అధ్యాయాలు, ఫోన్ల రికార్డు పెట్టి. ఏడోది సదివినంక, ఇది పెట్టనా అవ్వా అని అడిగిన. తల ఊపింది."

గంగమణి కొంగు తీసి మొదటిసారి కూతురి వైపు చూసింది. ఆ చూపుకంటే రెండు తిట్లు తిట్టినా బాగుండేదని కళ్యాణికి అనిపించింది.

"ఏం అవసరమొచ్చింది అక్కా?" మహేందర్ గొంతు కాస్త తగ్గింది. "అవ్వ కష్టం రాయి. బీడీలు చుట్టి నిన్ను టీచర్ని జేసింది, గది రాయి. గా పెంట సంగతి పిల్లగాండ్లకు ఎందుకు?"

"పిల్లగాండ్లకే గావాలె. ఏ తప్పూ చెయ్యని మనిషిని చూపిస్తే వాళ్లు దండం పెట్టి పక్కకు పోతరు. తప్పు చేసి కుమిలిన మనిషి దగ్గర్నే..."

"గివన్ని సభల చెప్పుకో" అన్నాడు మహేందర్.

ఆమె నిజంగానే సభల్లో చెప్పిన మాట అది. చప్పట్లు కూడా కొట్టారు. ఇక్కడ ఎవరూ కొట్టలేదు.

ఫోన్ మోగింది. పక్క వీధి బడి హెడ్‌మాస్టరు లక్ష్మీరాజం సారు. కళ్యాణి పొద్దున్నే ఆయన్ని బతిమాలింది, ఏదైనా చేయమని.

ఆ బడిలో తొమ్మిదో తరగతికి ఈ పుస్తకంతో 'ఇంటి చదువు' నడుస్తోంది. రోజుకో అధ్యాయం ఇంట్లో పెద్దవాళ్లకు గట్టిగా చదివి వినిపించాలి. విన్నందుకు గుర్తుగా ఒక కాగితం మీద వాళ్ల సంతకమో వేలిముద్రో తేవాలి. చదువు రాని అవ్వలు కూడా పుస్తకం వింటారని ఆ ఉపాయం చెప్పింది కళ్యాణే. నిన్నటికి ఆరు గడుల్లో వేలిముద్రలు పడ్డాయి. ఇవాళ ఏడోది.

"అమ్మా, నువ్వు చెప్పినట్టే చేసిన" అన్నాడు లక్ష్మీరాజం సారు. "పొద్దుగాల క్లాసుకు పోయి, ఏడో అధ్యాయం ఇడిసిపెట్టుండ్రి, ఎనిమిదికి పోండ్రి అని చెప్పిన."

"మంచిది సార్. మీ మేలు..."

"ఏం మంచిది? నేను ఇటు రాంగనే అందరు ఏడే తెరిచిండ్రు. ఆరు అధ్యాయాలు ఆవులించుకుంట సదివినోళ్లు గూడ ఇంటర్వెల్‌ల మైదానానికి పోలే. గుంపులు గుంపులు కూసోని గదే సదివిండ్రు. ఇవాళ మా అవ్వకు ఇదే ఇనిపిస్త సార్ అని నాతోనే అంటున్నరు."

పదేళ్లుగా కళ్యాణి పెట్టుకున్న ఒకే ఒక కోరిక, పిల్లలు పుస్తకాన్ని అలా ఎగబడి చదవాలని.

"గ్లోరీ ఉన్నదా సార్? కృపారాణి మనుమరాలు. ఆ పిల్లనొక్కదాన్ని బడి ఇడిసినంక ఆపుండ్రి. నేనొచ్చి మాట్లాడుత."

లక్ష్మీరాజం సారు అటు ఎవర్నో కేకేసి అడిగాడు.

"గ్లోరీ ఇంటర్వెల్ అయినసంది కనవడ్తలేదమ్మా. సంచి గూడ లేదు. ఇంటికి పోయినట్టున్నది."

ఫోన్ పెట్టేసి ఆమె ఆ సంగతి చెప్పింది. మహేందర్ తల పట్టుకుని గడప మీద కూర్చున్నాడు.

"నా గొంతు నీ ఫోన్ల ఉన్నదన్నవ్ కద?"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. రెండు రోజుల తర్వాత గంగమణి మాట్లాడింది. గొంతు బొంగురుగా ఉంది.

"ఉన్నదవ్వా."

"నువ్వు అడిగింది, నేను ఊపింది. గది పెట్టు. నేనూ ఇంట."

కళ్యాణి ఫోన్‌లో వెతికి పెట్టింది. కత్తెర చప్పుడు వినిపించింది. దూరంగా ఎవరిదో కోడి అరిచింది. తర్వాత ఆమె గొంతే వచ్చింది, చదివి చదివి అలిసిన గొంతు. 'ఇది పెట్టనా అవ్వా?'

జవాబు లేదు. కత్తెర లేదు, కోడి లేదు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత మళ్లీ ఆమె గొంతే 'సరే' అంది. కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది.

ఆ ముక్కను కళ్యాణి ఇవాళ్టిదాకా మళ్లీ వినలేదు. తల ఊపడం కళ్లారా చూసింది కదా, వినాల్సిన పనేముంది?

గంగమణి చాట ఒళ్లోకి లాక్కుంది. పైన ఉన్న ఆకు ఎండినా, శనివారం కత్తిరించి తడిబట్టలో చుట్టిపెట్టినది ఇంకా మెత్తగానే ఉంది. ఒక ముక్క తీసింది. చిటికెడు తంబాకు పోసింది, చుట్టింది, కొస మడిచింది. దారం రెండు చుట్లు తిప్పి లాగింది. లాగినప్పుడు ఆమె తల ముందుకు వంగి లేచింది.

ఇంకో ఆకు తీసింది. తంబాకు, చుట్టు, మడత, దారం. తల వంగి లేచింది.

"అడుగు" అంది గంగమణి.

"ఏం అడగాలె అవ్వా?"

"ఏదన్న అడుగు. నీ బిడ్డ బాయిల దుంకుతనంటున్నది, దుంకనియ్యాల్నా అని అడుగు."

కళ్యాణి అడగలేదు. గంగమణి దారం లాగింది. తల ఊగింది.

"ఇగో, దుంకమన్న" అంది గంగమణి. "నలపై ఏండ్లసంది దినాం వెయ్యిసార్లు ఊపుతున్న. నువ్వు అడిగినప్పుడు గూడ ఊపిన. ఏ మాటకు ఊపిన్నో నాకే తెల్వదు. నువ్వు సదువుతుంటె నా బిడ్డ గొంతు మంచిగున్నదని ఇన్న. మాటలు ఎవ్వలిన్నరు?"

కళ్యాణికి ఇది తెలియని సంగతి కాదు. ఇంటరు అయ్యేదాకా తనూ ఆ చాట ముందే కూర్చుంది. తన తల కూడా అలాగే ఊగేది. టీచరు ట్రైనింగుకు పోయినప్పుడు హాస్టలు పిల్లలు, ఏది చెప్పినా ఊపుతావేమే అని ఏడిపించారు. ఆ అలవాటు పోగొట్టుకోవడానికి ఆమెకు ఏడాది పట్టింది. పోగొట్టుకున్న తర్వాత అలాంటిది ఒకటి ఉందన్న సంగతే మరిచిపోయింది. ఎదుటి మనిషి పెదవి కదలకుండా, ఆ మనిషి ఒప్పుకున్నట్టు ఎలా రాసుకుంది?

"కానీ ఆ సంగతి చెప్పింది నువ్వే కద అవ్వా" అంది మెల్లగా.

"చెప్పిన. నా బిడ్డకు చెప్పిన. పుస్తకానికి చెప్పలే."

"కృపత్తకు నిజం తెల్వద్దా మరి? ఇరవై ఎనిమిది ఏండ్లు ఆమెను దొంగ అన్నరు."

"తెల్వాలె. నేనే చెప్పాలె." గంగమణి చేతులు ఆగలేదు, తల ఆగలేదు, మాట మాత్రం వణికింది. "నేను చెప్పవల్సిన మాట అది. నా నోట్లకెల్లి గుంజుకపోయి అచ్చేసినవ్."

"ఎప్పుడు చెప్తుంటివి?"

ఆ ప్రశ్న కటువుగా వచ్చింది. కళ్యాణి అలా అనాలనుకోలేదు. మహేందర్ తలెత్తి అక్కను చూశాడు.

గంగమణి ఇంకో ఆకు తీసుకుంది.

కళ్యాణికి ఏడుపొచ్చింది. తల్లి తప్పు తల్లికి తెలుసు. తన తప్పు తనకు తెలిసింది. తెలిసి ఏం లాభం? అరవై ఇళ్లలో అరవై పుస్తకాలు ఉన్నాయి. ఒక్కటి కూడా వెనక్కి రాదు. అచ్చయిన అక్షరాన్ని ఎవరి కాళ్లు పట్టుకుని ఆపాలి?

"నేను పోయి కృపత్తతోని మాట్లాడుత" అంటూ లేచింది.

"ఏమని మాట్లాడుతవ్?" అన్నాడు మహేందర్. "మా అవ్వ తప్పు నేను చెప్తున్న అనా? మళ్ల నువ్వే చెప్తవా?"

ఆమె నిలబడిపోయింది.

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. కృపారాణి వచ్చింది.

చంకలో చాట ఉంది. అరవై దాటిన మనిషి, నడుము కొంచెం వంగింది. వెనక స్కూలు డ్రెస్సులో గ్లోరీ ఉంది. ఏడ్చి ఏడ్చి పిల్ల ముక్కు ఎర్రబడింది. చేతిలో పుస్తకం ఉంది, పేజీ పోకుండా మధ్యలో వేలు పెట్టుకుంది.

ఎవరూ రమ్మనలేదు, కూర్చోమనలేదు. కృపారాణి నేరుగా వసారాలోకి వచ్చి, గంగమణికి ఎదురుగా చాట పెట్టుకుని కూర్చుంది. ఇరవై ఎనిమిదేళ్ల కింద ఎక్కడ కూర్చునేదో సరిగ్గా అక్కడే కూర్చుంది.

గంగమణి తలెత్తలేదు. ఆకు తీసింది, తంబాకు పోసింది.

"పిల్ల బడి ఎగ్గొట్టి ఇంటికొచ్చింది" అంది కృపారాణి. "ఏడుస్తున్నది. ఏందే అంటె చెప్తలేదు. ఏడో పాఠం ఇవాళ సదవ అంటున్నది. ఎందుకు సదవవే అంటె, నీ పేరున్నది అన్నది. గంతే అన్నది."

గ్లోరీ ఆమె వెనక్కి జరిగింది.

"ఆరు పాఠాలు ఇన్న గంగా. ఆరిట్ల నా పేరు లేదు. ఇద్దరం కలిసి బట్టలు ఉతికినం, కలిసి ఆకు తెచ్చినం, నీ బిడ్డకు నేను తానం పోసిన. ఏడ లేదు. ఏడోదాంట్ల ఉన్నదంట. ఏమని ఉన్నది?"

కళ్యాణి నేలవైపు చూసింది. అంతకు ముందు అధ్యాయాల్లో కృపారాణి పేరు ఆమె కావాలనే తీసేసింది. ఏడోదాంట్లో ఒక్కసారిగా వస్తే పిల్లలకు గట్టిగా తగులుతుందని.

"పిల్లను సదవనియ్యలే" అంది కృపారాణి. "గది గంగ ఇంట్ల, గంగ నోటనే ఇంట అన్న. చెప్తవా?"

గంగమణి దారం లాగింది. తల వంగి లేచింది.

"చెప్తదంట అత్తా" అనబోయి మహేందర్ ఆగాడు.

కృపారాణి అతనివైపు చూడను కూడా లేదు. "అది నాకు ఊపుడు కాదు" అంది. "దారానికి ఊపుడు. నాకు తెల్వదా? చేతులాపు గంగా. ఆపి చెప్పు."

అంతే కదా. చేతులాపమని ఒక్కమాట అని ఉంటే సరిపోయేది. మూడు నెలలు ఇదే వసారాలో ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నా కళ్యాణికి తట్టలేదు.

గంగమణి చేతులు ఆగాయి. దారం కట్టని బీడీ విప్పుకుని, తంబాకు చాటలో రాలింది. ఆమె తల నిటారుగా ఉండిపోయింది. చాట ఒళ్లో ఉండగా అలా కదలకుండా ఉన్న తల్లి తలను కళ్యాణి ఈ మధ్య చూడలేదు.

"నా పెంట మీద పొట్టు ఎవలేసిండ్రు?"

గంగమణి పెదవులు విడివడ్డాయి. మాట రాలేదు. ఆమె కూతురి వైపు చూసింది. ఇన్నాళ్లూ తల్లి మాటలు ఏరుకుని రాసుకున్న కూతురు, ఇప్పుడు ఒక్క మాట అందించగలదేమో అన్నట్టు చూసింది.

కళ్యాణి దగ్గర ఆ మాట ఉంది. అచ్చులో ఉంది, బొమ్మతో సహా ఉంది. అది తన నోటితో అంటే తల్లికి ఇక ఏమీ మిగలదు. అనకపోతే తల్లి ఇలా నోరు తెరిచి ఎంతసేపు ఉంటుంది? ఆమె రెండు చేతులూ ఒళ్లో బిగించి పట్టుకుంది.

"ఆ పిల్ల దిక్కు సూడకు" అంది కృపారాణి. "నా దిక్కు సూడు. నాకేం తొందర లేదు. కూసుంట."

తొందర లేదని ఆమె అనుకుంది. బడి వదిలారు. వాడలో పిల్లల సైకిళ్ల గంటలు వినిపిస్తున్నాయి. గోడ అవతల ఇంట్లో సంచి విసిరిన చప్పుడైంది. ఎవరో ముసలావిడ దగ్గుతూ, "సదువు బిడ్డా, ఇన్నంకనే వేలు ఏస్త" అంది.

ఒక ఆడపిల్ల గొంతు గట్టిగా, బడిలో పద్యం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది.

"ఏడో అధ్యాయం. పద్నాలుగు రోజులు ఆ వాడలో ఒక్క కత్తెర కూడా ఆడలేదు..."

గ్లోరీ పుస్తకాన్ని గుండెకు అదుముకుంది. మహేందర్ గోడవైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఏ ఇంటి దాకా పోయి ఎవరి నోరు మూయగలడు? ఎదురింట్లో ఇంకో గొంతు లేచింది. అదే వాక్యం, కాస్త వెనకగా.

"గంగా" అంది కృపారాణి.

"కృపక్కా..." అంది గంగమణి.

అంతవరకే వచ్చింది. మింగి మళ్లీ నోరు తెరిచింది. గోడ అవతల పిల్ల తడబడకుండా చదువుతోంది, కార్ఖానా, పాడు ఆకు, ఒట్టు, ఆరేళ్ల పిల్లకు జ్వరం. ఆ పేజీలో ఇంకా ఎన్ని వాక్యాలున్నాయో కళ్యాణికి కంఠతా వచ్చు. నాలుగు. మూడు. మెల్లగా చదువు తల్లీ, మెల్లగా చదువు అని లోపల మొక్కుకుంది. పిల్ల బాగా చదివే పిల్ల.

గంగమణి చేయి చాచి కృపారాణి చాట అంచు పట్టుకుంది. "అక్కా, ఆ పొట్టు..."

గోడ అవతల పిల్ల పేజీ తిప్పింది.